పేర్లు తీసేసిన మాత్రలు

నాకు నోరెక్కువ, ధైర్యం తక్కువ. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటే పక్కనున్న వాళ్ళకి ఎంత ప్రమాదమో లండన్‌లో ఉన్నప్పుడు తెలిసింది. తెలిసేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

లండన్ శివారు హారోలో రోడ్డు పక్కనే మా ఫ్లాట్. మా ఆయనది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. నేను నగరం మధ్యలో ఒక చిన్న ఆఫీసుకి వెళ్ళేదాన్ని. అక్కడ మొత్తం ఐదుగురం. యూరప్‌లో ప్రభుత్వాలు ఏ చట్టాలు చెయ్యాలి, ఏవి చెయ్యకూడదు అని పెద్దపెద్ద వాళ్ళని పిలిచి మాట్లాడించడం ఆ ఆఫీసు పని. ఒక వారం ఆసుపత్రుల సంస్కరణ, ఒక వారం కార్ఖానాల పొగ, ఇంకో వారం పనిలేని వాళ్ళకిచ్చే భత్యాలు తగ్గించాలా వద్దా, మరో వారం పేటెంట్లు. నా పని వచ్చినవాళ్ళ పేర్ల చీటీలు రాయడం, టీ పెట్టడం, వాళ్ళు వెళ్ళాక టేపు వింటూ వాళ్ళు అన్నదంతా టైపు చెయ్యడం. మొదట్లో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా మాటకి మాట అక్షరం తప్పకుండా కొట్టేదాన్ని. సాయంత్రం ఇంటికొచ్చి, బెండకాయలు తరుగుతూ ఆ పెద్దమనుషుల గొంతులు అనుకరించి చూపిస్తే మా ఆయన కుర్చీలోంచి పడిపోయేలా నవ్వేవాడు.

చర్చకి ముందు పంచే చట్టాల డ్రాఫ్టులు నేను ఇంటికి తెస్తే, అవన్నీ ఆయన చదివేవాడు కూడా. టెస్టింగ్ బుద్ధి. ఏ కాగితమైనా చివరి ఫుట్‌నోటు దాకా చదివితేగానీ కింద పెట్టడు. నేను మొదటి పేజీ చదివి కంగారుపడిపోయే రకం. "నీకు బ్రేకులు లేవే" అనేవాడు. "మీకు యాక్సిలరేటర్ లేదు లెండి" అనేదాన్ని నేను.

ఆ చలికాలంలో ఆయన ట్యూబ్ రైల్లో నిద్రపోయి, మా స్టేషన్ దాటిపోయి, రెండు మూడు స్టాపుల అవతల దిగి వెనక్కి రావడం మొదలుపెట్టాడు. ముందు నవ్వుకున్నాం. తర్వాత మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగిపోవడం మొదలైంది. అక్కడ సర్జరీ అనే పేట క్లినిక్‌లో జీపీ, అంటే మామూలు డాక్టరు, అలసట అన్నాడు. రెండోసారీ అలసటే అన్నాడు. మూడోసారి నేను రిసెప్షన్‌లో ఉన్నావిడతో గొంతు పెంచి, "రక్తం తీస్తేగానీ ఇక్కణ్ణించి కదలం" అని కూర్చున్నాను. మా ఆయన సిగ్గుతో చచ్చిపోయి గోడమీద పోస్టర్లు చదువుకున్నాడు. రక్తం తీశారు. మర్నాడు పొద్దున్నే జీపీయే స్వయంగా ఫోను చేశాడు. అంతవరకు ఫోనెత్తాలంటే నాకెప్పుడూ భయం లేదు. ఆ రోజు నుంచి ఫోను మోగితే గుండె గుభేలుమనడం నేర్చుకుంది.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు మంచివాడు. నెమ్మదిగా, ఒక్కో మాటా మా ముందు పెడుతున్నట్టు చెప్పాడు. ఇది రక్తం జబ్బు. దీనికి మూడు దశలు. ఇప్పుడు మీరు మొదటి దశలో ఉన్నారు, ఇందులో ఏళ్ళ తరబడి ఉండొచ్చు. రెండోది అంత మంచిది కాదు. మూడోది అని మొదలుపెట్టి, నా మొహం చూసి, ఆపేశాడు. ఒక కొత్త మాత్ర వచ్చింది, బాగా పనిచేస్తోంది అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే, కాని ప్రభుత్వం తరఫున మందులిచ్చే మీ ప్రాంతం హెల్త్ ట్రస్ట్ ఇంకా మొదటి దశ వాళ్ళకి దీన్ని ఒప్పుకోలేదు, రెండో దశకి చేరినవాళ్ళకే ఇస్తోంది, మీ తరఫున ట్రస్ట్ ప్యానెల్‌కి నేను అర్జీ పెడతాను, అంతదాకా పాత ఇంజెక్షనే అన్నాడు.

"అంటే బాగా జబ్బు చేశాకే మందిస్తారా?" అన్నాను. డాక్టరు ఇంకో సంగతి చెప్పాడు. మా రోడ్డుకి అవతలి వైపు వేరే కౌన్సిల్, వేరే ట్రస్ట్. వాళ్ళు మొదటి దశ వాళ్ళకి కూడా ఇస్తున్నారు.

మా వంటింటి కిటికీలోంచి అవతలి బస్టాపు కనబడుతుంది. అక్కడ నిలబడ్డవాళ్ళకి మందొస్తుంది, ఇవతల నిలబడ్డవాళ్ళకి రాదు! అవతల అద్దెకి ఫ్లాట్ వెతికాను. మాకు ఇల్లిచ్చినాయన ఒప్పందం ఎండాకాలం దాకా ఉందన్నాడు. అవతలి సర్జరీవాళ్ళు ఆ చిరునామాతో కౌన్సిల్ టాక్స్ కాగితం తెమ్మన్నారు. ఎవరి కాళ్ళు పట్టుకోవాలో తెలీక తెలిసినవాళ్ళందరి మీదా అరిచాను. ప్యానెల్ నుంచి మొదటి ఉత్తరం వచ్చింది. చాలా మర్యాదగా కాదన్నారు. డాక్టరు మళ్ళీ రాశాడు.

ఆ వారంలోనే మా ఆఫీసులో ఆసుపత్రుల చర్చ. తెల్లటి జుట్టున్న పెద్దమనిషి ఒకాయన, "ఒక మనిషికి ఒక ఏడాది ఆయుష్షు కొనడానికి సమాజం ఎంతవరకు ఖర్చుపెట్టడం సబబు?" అని అడిగాడు. ఎవరికీ కోపం రాలేదు. తలలూపారు, రాసుకున్నారు. ఇంకొకాయన, ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి కదా అన్నాడు. పాపిష్ఠి మాట అన్నవాడు పాపిష్ఠివాడిలా కనబడితే బాగుండును. ఆయన టీ తాగి, కప్పు తనే తెచ్చి ట్రేలో పెట్టి, నాకు థాంక్స్ చెప్పి మరీ వెళ్ళాడు. మర్నాడు ఆ మాటలు టైపు చేస్తుంటే వేళ్ళు ఆగిపోయాయి. ఆ గీత మా రోడ్డు మధ్యలోంచే పోతోందని నాకు తెలుసు. ఇంటికెళ్ళాక ఆ గొంతు అనుకరించలేదు. ఇక ఎవరి గొంతూ అనుకరించలేదు.

ఇంజెక్షన్ వేసిన ప్రతిసారీ ఆయనకి చలీ జ్వరమూ వచ్చేవి. దుప్పటి మీద దుప్పటి కప్పి పైన నేను చేతులేసి పట్టుకున్నా మంచం కదిలేది. మర్నాడు మళ్ళీ టై కట్టుకుని ఆఫీసుకి వెళ్ళేవాడు. సెలవు పెడితే ఉద్యోగం, ఉద్యోగం పోతే వీసా. ఆ భయం ఆయనది. ఆయన నాతో అనలేదు, నేను ఆయనతో అనలేదు.

హైదరాబాద్‌లో నా తమ్ముడు మందుల వ్యాపారంలో ఉన్నాడు. ఫోనులో ఏడుస్తుంటే వాడన్నాడు: "అక్కా, ఆ మందు ఇక్కడ మనవాళ్ళే చేస్తున్నారు. ఇక్కడ పేటెంటు చట్టం వేరు. అదే మందు, పేరే వేరు. ఎవరన్నా వస్తుంటే పంపిస్తా."

పెద్ద డాక్టరుకి భయంభయంగా చెప్పాను. ఆయన లేచి తలుపు దగ్గరగా వేశాడు. "నేను రాసివ్వలేను. కాని మీరే తెచ్చుకుంటే, పెట్టెలు విప్పకుండా తెచ్చి నాకు చూపించండి. ఏ కంపెనీ, ఎంత మోతాదు, ఏ బ్యాచ్, అన్నీ చూడాలి. అవన్నీ సరిగ్గా ఉంటే రక్తపరీక్షలు నేను చూసుకుంటాను" అన్నాడు. లివర్ బాగా దెబ్బతింటోంది కాబట్టి ఇంజెక్షన్లు ఇప్పుడే ఆపేద్దాం, మాత్రలు వచ్చేలోపు ఒంటికి కాస్త విశ్రాంతి అని కూడా అన్నాడు. అలా ఆపేశాం. మాత్రలు వస్తున్నాయి కదా అన్న నమ్మకం మీద ఆపేశాం.

తెచ్చేది మా కింది ఫ్లాట్‌లో ఉండే ఆంటీ. హనుమకొండ వాళ్ళు. కొడుకు దగ్గరుండేది. మేనకోడలి పెళ్ళికి మూడు వారాలు హైదరాబాద్ వెళ్తోంది. ఆంటీ ఇండియా వెళ్తోందంటే ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళకి పండగే. ఒకరికి తొక్కు, ఒకరికి చీరకి ఫాల్స్, ఒకరికి కళ్ళజోడు, అందరివీ ఆవిడ సూట్‌కేసులోనే. బరువు దగ్గర మాత్రం ఆవిడకొక పద్ధతుంది. ఏ వస్తువుకీ అట్టపెట్టె ఉండకూడదు. సబ్బుకి కాగితం, చెప్పులకి డబ్బా, పసుపుకి ప్యాకెట్, అన్నీ అక్కడే తీసిపారేసి, వస్తువుని మాత్రం గుడ్డలో చుట్టి తెస్తుంది. విమానం వాళ్ళు అట్టకి కూడా బరువు కడతారని ఆవిడ బాధ. మనవాళ్ళం అందరం అంతోయింతో చేసే పనే అది. అందుకే వెళ్ళేముందు ఆవిడ చెయ్యి పట్టుకుని చెప్పాను: "ఆంటీ, ఈ ఒక్కటీ మాత్రం విప్పొద్దు. ఎలా ఇస్తే అలాగే."

"నాకు తెల్వదా బిడ్డా! మందు గద" అంది ఆవిడ.

ఇంతవరకు అంతా సవ్యంగానే ఉంది. ఆంటీ వెళ్ళిన రెండో వారం మా ఆఫీసులో పేటెంట్ల చర్చ వచ్చింది. యూరప్ మొత్తానికి ఒక కొత్త నిబంధన రాబోతోందట. దాని డ్రాఫ్టు ముందే ఇంటికి తెచ్చాను గానీ నేను తెరవలేదు. పేటెంటు ఉన్న వస్తువులకి నకళ్ళు బయటి దేశాల నుంచి వస్తే, కస్టమ్స్ వాళ్ళు సరిహద్దులోనే ఆపి నాశనం చెయ్యొచ్చట. గడియారాలు, బ్యాగులు, సినిమా డిస్కులు అని ఏవేవో చెప్పుకొస్తున్నారు. నేను పాలజగ్గు పట్టుకుని వరసగా పోస్తున్నాను. "మందులు కూడానా?" అని ఎవరో అడిగారు. "మందులు ముఖ్యంగా" అన్నాడు మాట్లాడేవాడు. ఏ దేశాల నుంచి వస్తున్నాయో చెబుతూ మొదటి పేరే మనది చెప్పాడు.

పాలు సాసర్లోకి, సాసర్లోంచి ఆయన కాగితాల మీదకి పోయాయి. సారీ చెప్పి, తుడిచి, వంటగదిలోకి వచ్చి గోడకానుకున్నాను. మర్నాడు టేపు మొదటి సగం టైపు చేశాను. "మందులు ముఖ్యంగా" అన్నచోటికి మళ్ళీ వచ్చేసరికి టేపు ఆపేశాను. తలనొప్పని చెప్పి, మిగతా సగం పక్క సీటావిడకి ఇచ్చి, మధ్యాహ్నమే ఇంటికొచ్చేశాను. దార్లో స్టేషన్ పక్క కొట్లో ఇండియాకి ఫోను చేసే కాలింగ్ కార్డు కొన్నాను. మా ఆయనతో ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఆయన్ని భయపెట్టడం ఎందుకని అనుకున్నాను. అది సగమే నిజం. చెబితే బ్రేకులు లేవంటాడని రోషం కూడా.

పెళ్ళి ఇంట్లో సన్నాయి మోగుతోంది. ఆంటీ ఫోను దగ్గరకి రావడానికి కార్డు సగం అయిపోయింది.

"ఆంటీ, ఆ మాత్రల పెట్టెలు తీసెయ్యండి. లోపలి షీట్లు కూడా. మాత్రలన్నీ విడిగా వొలిచెయ్యండి. ఎక్కడా పేరు కనబడకూడదు."

"నువ్వే గద విప్పొద్దన్నవ్?"

"అప్పుడు తెలీదు ఆంటీ. ఇక్కడ రూలు మారుతోంది. పట్టుకుంటే అక్కడికక్కడే నాశనం చేస్తారట."

"అయ్యో! మరి నన్ను గూడ పట్టుకుంటరా బిడ్డా?"

ఆ సంగతి నాకు తెలీదు. అరవై దాటిన మనిషి, ఇంగ్లీషు అంతంతమాత్రం, ఒక్కతే వస్తుంది. "మీకేం కాదు ఆంటీ, మందే పోతుంది" అన్నాను. తెలిసినట్టే అన్నాను.

"సరే మరి. ఫికర్ జెయ్యకు. ఎవ్వనికి దొరకకుంట తెస్త" అంది.

పెట్టెలు విప్పొద్దని డాక్టరు అన్నది మర్చిపోలేదు. తమ్ముడి బిల్లు పోస్టులో వస్తుంది కదా, అది చూపిస్తే సరిపోతుందని నాకు నేనే చెప్పుకున్నాను. భయం పుట్టినప్పుడు నాకు ఏది కావాలంటే అదే న్యాయంగా తోస్తుంది.

ఆవిడ వచ్చే రోజు సెలవు పెట్టి హీత్రూకి వెళ్ళాను. ఆ తలుపులు తెరుచుకోవడం, మూసుకోవడం, తెరుచుకోవడం. అదే విమానంలో వచ్చినవాళ్ళంతా బయటికొచ్చేశారు. మెడల్లో పూలదండల వాసన, కావిలింతలు, ట్రాలీలు. ఆంటీ లేదు. లోపల ఏ గదిలో కూర్చోబెట్టారో, ఏమడుగుతున్నారో, ఆవిడ ఏం చెబుతోందో అని నాకు పైప్రాణాలు పైనే పోయాయి. మందు సంగతి వదిలెయ్, ముందు ఆ ముసలావిడ బయటికొస్తే చాలు దేవుడా అని మొక్కాను. వెంటనే, మందు కూడా రావాలి అని సరిదిద్దుకున్నాను.

వచ్చింది. నవ్వుకుంటూ, ట్రాలీ తోసుకుంటూ వచ్చింది. "తొక్కు డబ్బ దీపిచ్చి వాసన జూసిండు బిడ్డా, మూతి గిట్ల వెట్టి మళ్ల ఇచ్చేసిండు. మందు ముచ్చటే అడగలే!" అంది. అందరి ముందూ ఆవిడని కావిలించుకుని ఏడ్చేశాను.

మా వంటింట్లో బల్ల మీద సూట్‌కేసు విప్పింది. బట్టల అడుగునుంచి స్టీలు డబ్బా తీసింది. పెద్ద మాత్రలు ఒక పొట్లం, చిన్న మాత్రలు ఒక పొట్లం కట్టానని వచ్చే దారంతా చెబుతూనే ఉంది. చిన్నవి మోతాదు తగ్గించాల్సి వస్తే వాడడానికి. మూడో పొట్లంలో తన షుగర్ మాత్రలు కూడా పెట్టుకుంది. అందరివీ వొలిచినప్పుడు తనవి మాత్రం ఎందుకు బరువు మొయ్యాలి? వొలిచినవన్నీ ఒకే డబ్బాలో సర్దింది.

మూత తీసింది. న్యూస్‌పేపర్ పొట్లాలు మూడూ విడిపోయి ఉన్నాయి. అన్ని మాత్రలూ ఒకటే కుప్ప. అన్నీ తెలుపే, అన్నీ గుండ్రమే. అడుగున తెల్లటి పొడి.

"గిదేంది! మంచిగ గట్టిన గద!" అని ఆంటీ డబ్బాలో చెయ్యి పెట్టింది. పెద్దవి తెలుస్తున్నాయి. చిన్నవీ షుగర్ మాత్రలూ పక్కపక్కన పెట్టి, కళ్ళజోడు పెట్టుకుని, దీపం కిందకి తెచ్చి చూశాం. ఒకటిలాగే ఇంకొకటి. మేము ఏరుతూ ఉండగానే మా ఆయన ఆఫీసు నుంచి వచ్చాడు. బల్ల మీద పరిచిన మాత్రలు చూశాడు.

"షీట్లేవి?" అన్నాడు.

"బరువని ఆంటీ తీసేశారు" అన్నాను.

ఆంటీ నా పక్కనే, మోచెయ్యి తగిలేంత దగ్గర్లో కూర్చుని ఉంది. నావైపు చూసింది. నేను మాత్రల వైపు చూశాను. ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "అవు బిడ్డా, నేనే దీసిన. నాకు అకల్ లేకపాయె" అంది. మా ఆయన ఆవిడని ఒక్క మాట అనలేదు. "ఫర్వాలేదు ఆంటీ, ప్రయాణం బాగా జరిగిందా" అని అడిగి స్నానానికి వెళ్ళాడు. ఛీ, నేనేం మనిషిని అని ఇప్పటికీ ఆ బల్ల గుర్తొచ్చినప్పుడల్లా అనుకుంటాను.

మర్నాడు పెద్ద డాక్టరు డబ్బా మూత తీసి చూసి, వెంటనే మూసేశాడు. బిల్లు చూపించాను. పెద్దవి ఇవేనని, మా తమ్ముడు అబద్ధం చెప్పడని చెప్పాను. "మీ తమ్ముణ్ణి నేను అనుమానించడం లేదు. ఈ డబ్బాలో ఏముందో నాకు తెలీదు, అంతే" అన్నాడు. ఒక మాత్ర పొడి ఇంకోదానికి అంటుకుంది, ఏది ఏదో, ఎంతో తెలీదు, తెలీనిది మింగించి రక్తంలో ఏం జరుగుతోందో చూడలేను అన్నాడు.

"మింగేది నేను. బాధ్యత నాది" అన్నాడు మా ఆయన. ఆయన గొంతు అంత పెద్దగా నేనెప్పుడూ వినలేదు.

డాక్టరు డబ్బాని తనవైపే ఉంచుకున్నాడు. మళ్ళీ ఇవ్వలేదు. ఇంజెక్షన్ మళ్ళీ మొదలుపెడదామంటే లివర్ ఇంకా కుదుటపడలేదు. ఇంకో పార్సెల్ తెప్పించుకోండి, ఈసారి విప్పకుండా అన్నాడు. తమ్ముడికి ఫోను చేస్తే ఆ నెలలో వచ్చేవాళ్ళెవరూ దొరకలేదు. కొరియర్ వాడు మందులు తీసుకోనన్నాడు. వెంబ్లీ దాకా ఫోన్లు చేశాను, మాంచెస్టర్‌లో ఉన్న డాక్టర్ల ఇళ్ళకి చేశాను, ఎవరు వెళ్తున్నారు, ఎవరు వస్తున్నారు అని. ఒక్కో వారం గడుస్తుంటే ఆయన మెడ మీద, చంకల్లో చేత్తో తడిమి చూసేదాన్ని. ఏం వెతుకుతున్నానో నాకే తెలీదు. "ఏం దొరికింది?" అనేవాడు. మాత్రా లేదు, ఇంజెక్షనూ లేదు. ఏ మందూ లేకుండా ఆయన రోజూ టై కట్టుకుని ట్యూబెక్కుతున్నాడు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం పక్క సీటావిడ, పేటెంట్ల చర్చ రెండో సగం టైపు చేసినది తెచ్చి, పేజీ నంబర్లు వెయ్యమని నా బల్ల మీద పెట్టింది. నంబర్లు వేస్తూ చదివాను. టీ తర్వాత ఎవరో అడిగారట: ప్రయాణికులు తమ వాడకం కోసం సూట్‌కేసులో తెచ్చుకునేవాటి సంగతేమిటి? వాటికీ ఈ నిబంధనకీ సంబంధం లేదు, వాటిని ఇందులోంచి మినహాయించారు, ఒక రోగి చేతిసంచీ వెతికే ఉద్దేశం ఎవరికీ లేదు అని సమాధానం. దాని పక్కన బ్రాకెట్లలో ‘నవ్వులు’ అని టైపు చేసింది ఆవిడ. అప్పుడు గదిలో అందరూ నవ్వారన్నమాట. ఆ నవ్వు వినబడే దూరంలోనే, వంటగదిలో, నేను కప్పులు కడుగుతూ ఉన్నాను.

ఇంటికొచ్చి మా ఆయనకి అన్నీ చెప్పేశాను. ఫోను చేసింది, ఆంటీ చేత వొలిపించింది, ఆవిడ మీదకి తోసేసింది, అన్నీ. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండును.

"ఆ మినహాయింపు మొదటి డ్రాఫ్టులోనే ఉంది. నువ్వు ఇంటికి తెచ్చిన రోజే చదివాను" అన్నాడు. టై విప్పుకుంటూ, "నన్నడిగుంటే చెప్పేవాణ్ణి కదే" అన్నాడు. భోజనాల దగ్గర, "ఆంటీతో చెప్పు. ఆవిడ నీ నింద మోస్తోంది" అన్నాడు.

చెప్పాలని రెండు మూడుసార్లు కిందకి దిగాను. తలుపు దాకా వెళ్ళి, పాలకో పెరుగుకో వచ్చినట్టు ఏదో అడిగి వచ్చేశాను.

ఏ మందూ లేని ఏడో వారం రక్తపరీక్షకి వెళ్ళాం. ఫలితం వచ్చాక ఈసారి పెద్ద డాక్టరు తనే ఫోను చేసి రమ్మన్నాడు. అంకెలు మారాయి అన్నాడు. ప్యానెల్‌కి ఆ రోజే మళ్ళీ రాస్తానన్నాడు.

ప్యానెల్ ఉత్తరం ఒక శనివారం పొద్దున తలుపు కన్నంలోంచి పడింది. నేనే చింపాను. మొదటి లైను చదివి, గెంతులేసి, మెట్లమీంచే అరిచాను. "ఆంటీ! ఒప్పుకున్నారు! మందు ఇస్తారట!" ఆవిడ అప్పటికప్పుడు బ్రెడ్డు ముక్కలు వేయించి, డబల్ కా మీఠా చేసి, వేడివేడిగా గిన్నెతో పైకొచ్చింది. "నేను మొక్కిన బిడ్డా, యాదగిరి నర్సన్నకు మొక్కిన" అంటూ మా ఆయన నోట్లో తనే పెట్టింది.

ఆయన ఉత్తరం తీసుకుని అలవాటు ప్రకారం చివరిదాకా చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. "చాలా బాగుంది ఆంటీ, ఇంకొంచెం పెట్టండి" అన్నాడు. ఆ గొంతు విని నేను ఆయన జేబులోంచి కాగితం లాక్కుని రెండో పేరా చదివాను. రోగి ఇప్పుడు రెండో దశకి చేరినందువల్ల, ప్రస్తుత విధానం ప్రకారం అర్హుడయ్యాడు. అదీ సంగతి. ఇన్నాళ్ళూ మందిచ్చేంత జబ్బు లేదు కాబట్టి ఇవ్వలేదు, ఇప్పుడు ఉంది కాబట్టి ఇస్తున్నారు.

వంటింట్లో ఆంటీకి అప్పుడు చెప్పాను. ఇంక దాచే ఓపిక లేకపోయింది. రూలు మనకి వర్తించదని, పెట్టెలతో తెచ్చినా ఎవరూ ఆపేవాళ్ళు కాదని, నేనే సగం విని ఫోను చేశానని.

ఆవిడ గరిటె కింద పెట్టింది. "అంటే గా పెట్టెలు గట్లనే తెస్తే అయిపోతుండెనా?"

"అయిపోయేది ఆంటీ."

"గాయనకు ఎర్కనా?"

"తెలుసు."

ఆవిడ గరిటె మళ్ళీ గిన్నెలో వేసింది. ముందుగదిలోకి వెళ్ళి మా ఆయన తలమీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది. తర్వాత గిన్నె తీసుకుని కిందకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కూడా ఆవిడ వచ్చేది, కూరలు తెచ్చేది, ఆసుపత్రికి తోడొచ్చేది. నన్ను మాత్రం బిడ్డా అని మళ్ళీ పిలవలేదు. ఏమ్మా అనేది.

మందు పనిచేసింది. కొన్నాళ్ళు బాగానే పనిచేసింది. బుగ్గల్లోకి రంగొచ్చింది, మెట్లు ఆగకుండా ఎక్కాడు. తర్వాత మోతాదు పెంచారు. ఆ తర్వాత మళ్ళీ పెంచారు. ప్రతిసారీ ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఒక్కటే ప్రశ్న నాతో వచ్చేది. ఆ ఏడు వారాలు మందు పడి ఉంటే ఆయన మొదటి దశలోనే ఉండేవాడా? ఒకరోజు తిరిగొచ్చేటప్పుడు బస్సులో మా ఆయన, నేనేమీ అనకుండానే, "అది డాక్టరుని అడగొద్దు" అన్నాడు.

"ఏది?"

"నీకు తెలుసు. కాదంటే నువ్వు నమ్మవు. అవునంటే తట్టుకోలేవు. ఎట్టా చెప్పినా ఆ జవాబుతో బతకాల్సింది నువ్వు. నేను కాదు."

"నోరు ముయ్యండి. అవేం మాటలు!" అని బస్సంతా వినబడేలా అరిచాను. ఆయన నవ్వి కిటికీలోంచి బయటికి చూశాడు.

ఆయన పోయిన కొన్నాళ్ళకి, ఏవో కాగితాల మీద సంతకాలకి ఆసుపత్రి వాళ్ళు రమ్మన్నారు. పెద్ద డాక్టరు తన గదిలోకి పిలిచాడు. మంచినీళ్ళిచ్చాడు. మా ఆయన ఎంత మంచివాడో చెప్పాడు. అది నిజంగానే చెప్పాడు. తర్వాత, మీరు నన్ను ఏమైనా అడగాలనుకుంటున్నారా, నాకేం తొందర లేదు అని కుర్చీ చూపించాడు. నేను కుర్చీ వైపు చూశాను.

ఏమీ లేదండీ అని చెప్పి, బ్యాగు తీసుకుని బస్టాపుకి వచ్చేశాను.